పళ్లెంలో మిగిలిన శాలువా

అక్క తన శాలువాలో సగం తీసి నా భుజం మీదికి లాగేసరికి నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. సభంతా చప్పట్లు. అక్క మైకు దగ్గరికి వంగి, "నాదేముందప్పా, కనిపెట్టింది ఈ పిల్ల. కండ్లు దీనివి, నోరు నాది" అంది. మళ్లీ చప్పట్లు. అప్పుడు నా చూపు బల్ల మీదున్న ఇత్తడి పళ్లెం మీద పడింది. పళ్లెంలో ఇంకో శాలువా ఉంది. మడత విప్పలేదు. దాని మీద పెట్టిన మల్లెదండ కూడా కదల్లేదు.

ఆ శాలువా ఎవరిదో నాకు తెలుసు. అది పళ్లెంలోనే ఎందుకు ఉండిపోయిందో, నాకూ వెనక వరసలో కూర్చున్న ఇంకొక మనిషికీ తప్ప ఆ సభలో ఎవరికీ తెలియదు.

శాలువా ఎంత బరువుంటుంది చెప్పండి? పిడికిట్లో పట్టే గుడ్డ. అందులో నా మీద పడింది సగమే. ఆ సగం గుడ్డను ఇన్నేళ్లు మోశాను. నన్ను చూసినవాళ్లెవరూ నమ్మరు. నేను ఎగురుతూ నడిచే మనిషిని, దారిన పోయే మేకనైనా నిలబెట్టి పలకరించే మనిషిని. లోపల ఏముందో ఎవరు చూడొచ్చారు? ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లలో మీరూ ఉన్నారేమో. ఉంటే ఇది మీకే చెప్పాలి. లేకపోయినా మీకే చెప్తున్నాను. కూర్చోండి. నాకు చిన్నగా చెప్పడం రాదు.

పేరు మాత్రం రాయను; మిగతా మనుషుల పేర్లూ ఊళ్ల పేర్లూ మార్చి రాస్తాను. నా పేరు రాస్తే ఊరు తెలిసిపోతుంది. ఊరు తెలిస్తే ఇళ్లు తెలుస్తాయి. ఇళ్లు తెలియకూడదు. ఎందుకో మీకే అర్థమవుతుంది.

మాది పత్తికొండ పక్క. అమ్మ పోయాక నన్ను ఎవరు పెట్టుకోవాలా అని చుట్టాలందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, ఆ వీధిలో బుర్రకథ చెప్పడానికి వచ్చిన ఓబులమ్మక్క, "ఈ పిల్ల నోరు చూసినారా, గానుగ తిరిగినట్ల తిరుగుతాంది, నాకియ్యండి" అని అడిగి తీసుకుపోయింది. నాకు ఏమీ కాదు ఆమె. అయినా తన చీర చింపి నాకు పావడా కుట్టించింది. అయిదో తరగతితో ఆగిన నా చదువును కథల్లో పెట్టి ఇంకాస్త ముందుకు నెట్టింది. ఈ పూట నేను ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆమె పెట్టిన అన్నమే. పొద్దున లేవగానే మొదటి దండం ఆమెకే పెట్టుకుంటాను.

బుర్రకథ మీరు చూసే ఉంటారు. నడుమ కథ చెప్పే మనిషి, తంబురతో. అటొక వంత, ఇటొక వంత, గుమ్మెటలతో. ఒక వంత మంచీ చెడ్డా లోకం సంగతులు చెప్తుంది. ఇంకో వంత నవ్వించాలి. ఆ నవ్వించే వంత నేను. నవ్వించడం ఊరికే రాదు. దానికి మాకొక పద్ధతి ఉంది. కథ చెప్పే రోజు పొద్దున్నే నేను ఊరంతా తిరగాలి. బావి దగ్గర, అంగడి దగ్గర, కళ్లంలో, ఎవరు దొరికితే వాళ్లతో మాట్లాడాలి. ఎవరి ఎద్దు ఎవరి చేలో పడింది, ఏ అత్త ఏ కోడలికి ఉప్పు దాచింది, ఏ పెద్దమనిషి ఎవరిని ముంచాడు, అన్నీ ఏరుకుని వచ్చి అక్క చెవిన వెయ్యాలి. పొద్దు గూకాక అక్క వాటిని కథలో కలిపేస్తుంది. పాతకథలోని రాజుగారి పక్కన ఆ ఊరి మనిషే వచ్చి నిలబడతాడు. జనం పడీపడీ నవ్వుతారు. ఊరికొక దొంగ ఉండాల్సిందే మా కథలో. దొంగ దొరక్కపోతే ఆ రోజు కథ ఉప్పులేని సంగటే.

దానికి అక్క పెట్టిన కట్టు ఒక్కటే. "చూసింది చెప్పు. అనుకునింది చెప్పగాకు. నువ్వు నా చెవిలో వేసింది ఊరంతటి చెవిలో పడుతుంది."

వానల్లేని ఏళ్లవి. బావుల్లో అడుగు కనిపిస్తున్న ఏళ్లు. ఊరూరా గంజి కేంద్రాలు పెట్టారు. జనం గిన్నెలు పట్టుకుని ఎండలో వరసకట్టేవాళ్లు. మేము కూడా ఆ వరసల్లో నిలబడి తాగాం, దాచేదేముంది. గంజి తాగిన ఊళ్లో ఊరికే కథ చెప్పేవాళ్లం. ధాన్యం దాచుకున్న షావుకార్ల మీద, కూలి ఎగ్గొట్టే పెద్దల మీద అక్క గొంతు లేచిందంటే గిన్నెలు పట్టుకున్న చేతులే చప్పట్లు కొట్టేవి. కడప పట్నంలో కొందరు పెద్దలు కలిసి ఏటా ఉగాది దాటాక ఒక సన్మానం చేసేవాళ్లు. ఆటకొక శాలువా, పాటుకొక శాలువా. అంటే జనానికి పనికొచ్చే ఆట ఆడినవాళ్లకు ఒకటి, జనం కోసం ఒళ్లు వంచి పాటుపడినవాళ్లకు ఒకటి. ఆ శాలువా వస్తే బాగుండునని అక్క ఏనాడూ అనలేదు. కానీ పట్నంలో ఆ సభ జరిగే ఇంటి ముందునుంచి పోయినప్పుడల్లా చీర కుచ్చిళ్లు సరిచేసుకునేది. నేను చూశాను.

ఒంటిమిట్ట అవతల ఒక ఊరికి వెళ్లాం. అక్కడి గంజి కేంద్రాన్ని పుల్లయ్య అనే రైతు చూసేవాడు. భార్య లేదు, పిల్లల్లేరు. బక్కమనిషి. తక్కువ మాట. పొయ్యి రాజేసేదీ ఆయనే, గరిటె తిప్పేదీ ఆయనే, జనమంతా తాగాక అడుగున మాడింది గీక్కుని తినేదీ ఆయనే. అవన్నీ తర్వాత తెలిశాయి. ఆ రోజు తెలిసింది ఒక్కటి. మేము ఊళ్లో దిగిన సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, పుల్లయ్య భుజం మీద మూట పెట్టుకుని కేంద్రం వెనకనుంచి వచ్చి దొడ్డివాకిళ్ల సందులోకి మలుపు తిరిగాడు. అటూ ఇటూ చూసి మరీ తిరిగాడు. మూట మీద రాగిపిండి తెల్లగా అంటుకుని ఉంది.

నేను చూసింది అంతే. ఇంకేమీ చూడలేదు.

మర్నాడు ఊరు తిరిగాను. ఒక్క కబురూ దొరకలేదు. ఆకలితో ఉన్నవాళ్లు కబుర్లు చెప్పరండీ. బావి దగ్గర ఆడవాళ్లు నా ముఖం కూడా చూడలేదు. ఖాళీ చేతులతో వెనక్కి వస్తుంటే ఆ మూట గుర్తొచ్చింది. అక్కకు చెప్పాను. గంజి పిండిని దొడ్డిదారిన అమ్ముకుంటున్నాడక్కా అన్నాను.

అక్క తంబుర తీగె బిగిస్తోంది. ఆపింది. "అమ్మేది చూసినావా?"

ఒక్క క్షణం. నా నోరు ఎన్నడూ తడుముకోని నోరు. అప్పుడు తడుముకుంది.

"చూసినానక్కా."

ఎందుకన్నాను? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో. పుల్లయ్య మీద నాకేం పగ? ముందు రోజు నాకు గంజి పోసిన చెయ్యే అది. దొంగ కావాలి నాకు. అంతే. జనం నవ్వాలి. నేను తెచ్చిన మాటకే నవ్వాలి. చూడలేదు, అనుకున్నాను అని చెప్పుంటే అక్క ఆ మాట పక్కన పెట్టేసేది, ఇంకొకటి వెతుక్కునేవాళ్లం. ఒక్క నవ్వు కోసమా? అవును, ఒక్క నవ్వు కోసమే. దీన్ని ఇంకొంచెం పెద్ద కారణంగా చేసుకోవాలని ఎన్నోసార్లు చూశాను. కాలేదు.

ఆ సాయంత్రం అక్క బాగా చెప్పింది. కథలో రాజుగారి ధాన్యపుకొట్టు వచ్చేచోట ఆగి, "కొట్టు ముందరేమో గరిటె, కొట్టు వెనకాలేమో మూట!" అంది. నేను గుమ్మెట మీద ఒక దెబ్బేసి, "ఆ మూటకు కాళ్లొచ్చినాయక్కా, దొడ్డిసందులో నడుస్తాంటే చూసినా! మూతికి పిండి కూడా పూసుకునింది, పెండ్లికి పోతాందేమో!" అన్నాను. మొదట ఎవరో ఒకరు నవ్వారు. తర్వాత అందరూ. అన్ని నెలల తర్వాత ఆ ఊరు నవ్విందట. నా ఒళ్లు పులకరించింది, నిజం చెప్తున్నాను. అప్పుడు ఆ నవ్వు మారింది. ఎట్లా మారిందో చెప్పలేను. పాలు విరిగినట్టు మారింది. వెనకనుంచి ఒకతను లేచి, "ఏమప్పా పుల్లయ్యా, మూట యాడికి పోయిందప్పా?" అని అరిచాడు.

పుల్లయ్య లేచి నిలబడ్డాడు. జనాన్ని ఒకసారి కలియజూశాడు. కొందరి దగ్గర ఆయన చూపు ఆగబోయి, ఆగకుండా జరిగిపోయింది. తలలు వంచుకున్నవాళ్లు నాకు కనిపించారు. సిగ్గుతో వంచుకున్నారనుకున్నాను, తమ ఊరి మనిషి దొంగైనందుకు.

"యాడికో పోయిందిలే" అన్నాడు పుల్లయ్య. తుండుగుడ్డ దులుపుకుని వెళ్లిపోయాడు.

ముందు వరసలో పట్నంనుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కోటు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన ఎందుకొచ్చాడో మాకు తెలియదు.

మర్నాడు పొద్దున ఊరు దాటబోయే ముందు అలవాటు కొద్దీ మళ్లీ తిరిగాను. నవ్వించిన మర్నాడు తిరిగితే గౌరవం ఉంటుంది, పిలిచి మజ్జిగ పోస్తారు. దొడ్డివాకిళ్ల సందులో ఒక తలుపు కొంచెం తెరుచుకుంది. ఆ ఊళ్లో పెద్దిల్లు అది. ఒకప్పుడు పెద్దిల్లు. ముసలామె ఒకతి చెయ్యి చాపి నా రెక్క పట్టుకుంది.

"ఏమ్మే, కథలో ఎగిరిన పిల్లవి నువ్వే గదా?"

"నేనే అవ్వా. మజ్జిగేమన్నా ఉండాదా?"

"మజ్జిగ! ఆవులు పోయి ఏడాదాయ. నీకు మజ్జిగ పొయ్యాల్నంటే నేనే కుడితి తాగి పాలియ్యాల. రా లోపలికి, నీకొకటి చూపిస్తా."

వంటింట్లోకి లాక్కుపోయి ఒక కుండ వంచి చూపించింది. అడుగున రాగిపిండి.

"ఇది యాడిదో తెల్సునా? నీ దొంగ తెచ్చిచ్చింది. కాళ్లొచ్చిన మూట ఈడికే వచ్చింది."

ఆ పిండిని వేలితో తాకి చూశాను. 

"మా మామ బతికుండంగా ఈ ఇంటి ముందర ఎంతమంది బువ్వ తింటాండిరో. ఆ తిన్నోళ్ల పక్కన గిన్నె పట్టుకోని నేనెట్ల నిలబడేది చెప్పు? నిలబడలేకపోతి. పండుకుంటి. కోడలు కూడా పండుకునింది. సచ్చేదానికే పండుకున్యాం మే. పుల్లయ్య ఎట్ల కనిపెట్టినాడో, మా ఇంట్లో పొగ ల్యాకపోయేది చూసినాడేమో, దొడ్డివాకిలి కొట్టినాడు. తల ఎత్తకుండా మూట దించినాడు, పోయినాడు. మా ఇంటికే గాదు, ఆడోళ్లు గడప దాటని ఆ ఘోషా ఇంటికీ పోతాడు. ఇంగా ఉండాయి. పేర్లు నీకెందుకు."

"మరి ఆయన చెప్పొచ్చు గదవ్వా! అంతమంది అడిగితే!"

"చెప్తే మాకు పేరుంటుందా? ఆయప్ప తన పేరు పోగొట్టుకున్యాడు గానీ మా పేరు పోనీల్యా. పట్నం సన్మానం ఆయప్పకే అని ముందర్నే అనుకున్యారంట. పాటుకిచ్చే శాలువా. కేంద్రం చూసిపోదామనే వచ్చినాడు ఆ కోటాయన. మీ ఆట చూసి లేచి పోయినాడు."

"నేను చెప్తానవ్వా. ఇప్పుడే పోయి మా అక్కకు చెప్తా."

ఆమె నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. "మా ఇండ్ల సంగతి ఎవురికీ చెప్పనని ఒట్టెయ్. నా ప్రాణం ఉన్నంతకాలం."

వేశాను. వేసి, అడిగాను. "అయితే ఆయన దొంగగానే ఉండాల్నా అవ్వా?"

ముసలామె నన్ను అట్లాగే చూసింది. కోపం లేదు ఆ చూపులో. అదుంటే బాగుండేది.

"అది నువ్వు చేసిన పని. నన్నడుగుతావేమ్మే?"

ఇక్కడ కాస్త ఆగుతాను. ఇన్నేళ్లూ నేను తలదాచుకున్న చోటు ఇదే కాబట్టి. ఒట్టేశాను కదా, ఎట్లా చెప్పేది అని. ఆ ఇళ్ల పరువు కాపాడుతున్నాను కదా అని. పుల్లయ్యన్న నోరు మూసుకున్నాడు, నేనూ మూసుకున్నాను, ఇద్దరం ఒకటే పని చేస్తున్నాం కదా అని కూడా ఒకసారి అనుకున్నాను, చూడండి ఎంత ధైర్యమో. కానీ ఒట్టు ఇళ్ల గురించి. అమ్మడం నేను చూడలేదు, అబద్ధం చెప్పాను అని చెప్పడానికి ఏ ఒట్టు అడ్డం? ఏ ఇంటి పేరూ ఎత్తకుండా ఆ ఒక్క మాట అని ఉండొచ్చు. అక్కతో అనొచ్చు. ఆ పట్నం పెద్దమనిషితో అనొచ్చు. అంటే నా పేరు పోయేది, అంతే. ఆయన తన పేరిచ్చి వాళ్ల పేరు కాపాడాడు. నేను వాళ్ల పేరు అడ్డం పెట్టుకుని నా పేరు కాపాడుకున్నాను. రెండూ మౌనమే. రెండూ ఒకటేనా?

కొన్నాళ్లకు తాలూకానుంచి మనిషి వచ్చి పుల్లయ్య దగ్గర తాళంచెవులు తీసుకున్నాడని తెలిసింది. ఆ తర్వాత అక్కకు కబురొచ్చింది. దొంగను నలుగురి ముందు నిలబెట్టిన ఆడవాళ్లకు ఈ ఏడు ఆట శాలువా అని. అక్క ఆ కబురు విని గోడకానుకుని కూర్చుంది. నవ్విందా ఏడ్చిందా చెప్పలేను. "మనల్ని పాటగత్తెలని అనకుండా మనుషులని అన్యారే" అంది. ఆ ముఖం చూశాక చెప్పాలనుకున్న మాట మళ్లీ మింగేశాను. అక్క కోసమే మింగానా? ఆ శాలువా సగం నా మీద పడుతుందని నాకప్పుడు తెలియదు. అందుకే, అక్క కోసమే అని చెప్పుకోవాలని ఉంటుంది. నమ్మకం మాత్రం చిక్కదు.

ఇక ఆ సభ. పెద్దమనిషి మైకులో, "ఈ ఏడు పాటుకు తగిన మనిషి దొరకలేదు" అన్నాడు. పళ్లెం పక్కకు జరిపారు. వెనక వరసలో పుల్లయ్య కూర్చుని ఉన్నాడు. మా సన్మానం చూడ్డానికి ఆ ఊరివాళ్లు బయల్దేరితే బండి కట్టింది ఆయనేనట. తగిన మనిషి దొరకలేదన్న మాట ఆయన వింటుండగానే అన్నారు. కండ్లు దీనివి అని అక్క అన్న మాట కూడా విన్నాడు. ఆటలో అన్న మాట ఆట కోసం అన్నది కాదని, చూశానని అక్కకు చెప్పింది నేనేనని, ఆయనకప్పుడు తెలిసింది.

సభ అయ్యాక మేము రాజంపేట పోవాలి. బస్సు రాలేదు. ఆయనే వచ్చాడు. "మా దారే గదమ్మా, బండెక్కండి" అన్నాడు అక్కతో. అక్క సందేహించింది, దొంగ బండి కదా. అయినా ఎక్కాం. ఊరివాళ్లు ఆయనతో మాట్లాడకుండా, ఆయన బండిలోనే కూర్చున్నారు. నేను చివర ఇరుక్కుని పలక మీద కూర్చుంటే బండి ఎగిరినప్పుడల్లా ఎముకలు విరుగుతున్నాయి. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. తన కాళ్ల దగ్గరున్న మూటను నా వైపు నెట్టాడు.

"పాపా, దీని మీద కూసో. పలకలు గుచ్చుకుంటాయి."

రాగిపిండి మూట. తన ఇంటి గింజలు ఆడించుకుని పోతున్నాడని పక్కావిడ గొణిగింది, ఒక్కడికి అంత పిండి ఎందుకో అని ఎగతాళిగా. ఎందుకో నాకు తెలుసు. కేంద్రం తాళంచెవులు పోయినా దొడ్డివాకిళ్లు ఆగలేదన్నమాట. విత్తనానికి దాచుకున్న గింజలే అయి ఉంటాయి, ఇంకేం ఉంటాయి ఆ ఏళ్లలో. ఆ మూట మీద కూర్చుని ఒంటిమిట్ట దాటేదాకా వెళ్లాను. దారి పొడుగునా నేను నోరెత్తలేదని అక్క నా నుదురు పట్టి చూసింది, జ్వరమేమో అని.

ఆ ఒక్క మాటకు ఈనాటికీ ఆయనకు దండం పెట్టుకుంటాను. తిట్టి ఉంటే నేను కూడా ఏదో ఒకటి అనుకుని తప్పించుకునేదాన్ని. నా నోరు అట్లాంటిది. ఆయన నాకు కూర్చోవడానికి చోటిచ్చాడు. ఆ తర్వాత ఏ ఊళ్లోనూ చూడని మాట అక్క చెవిన వెయ్యలేదు. దొంగ దొరకని ఊళ్లలో నన్ను నేనే ఎగతాళి చేసుకున్నాను, నా తిండి మీద, నా నల్లటి మూతి మీద, నా పెళ్లి కాకపోవడం మీద. జనం ఇంకా ఎక్కువ నవ్వారు. మంచి వంత అని పేరొచ్చింది. నా పని నాకు నేర్పింది ఆ మూటే అంటే మీరు నమ్మాలి. చెడ్డపని చేసి మంచి గురువును సంపాదించుకున్నాను. ఇట్లాంటి దానికి సంతోషపడొచ్చా? తెలియదు. పడుతున్నాను.

మొన్న అవ్వ పోయిందని తెలిసింది. వానలు బాగా పడిన ఏడే పోయింది, ఇంట్లో ఆవులు మళ్లీ వచ్చాకే పోయింది, ఆ మాటకు నా కడుపు చల్లబడింది. తర్వాత గుర్తొచ్చింది. నా ప్రాణం ఉన్నంతకాలం అంది కదా. ఒట్టు ఆమెతో పోయింది. ఆమె ఇంటిమట్టుకు ఇప్పుడు చెప్పొచ్చు. చెప్పను. ఆ కోడలుంది, పక్క ఇళ్లున్నాయి. కానీ నా సాకు కూడా ఆమెతోనే పోయింది. ఇక ఏ తలుపు వెనక దాక్కోవాలి?

అక్కకు ఇప్పుడు గొంతు లేదు. వానాకాలం దగ్గు వచ్చి తీసుకుపోయింది. నా దగ్గరే ఉంటుంది. అవ్వ కబురు తెలిసిన రోజు మధ్యాహ్నం చెనక్కాయలు ఒలుస్తోంది. పక్కన కూర్చుని చెప్పేశాను. ముందువెనకలు లేకుండా, గుక్క తిప్పుకోకుండా. ఇళ్ల పేర్లు మాత్రం చెప్పలేదు. అక్క చేతులు ఒలుస్తూనే ఉన్నాయి.

"అమ్మేది చూసినావా అని అడిగితి గదమ్మే" అంది చివరికి, ఆ మిగిలిన గొంతుతో.

"అడిగినావక్కా."

"నా నోటితో చెప్పిస్తివే."

అంతే. తిట్టలేదు, పొమ్మనలేదు. రాత్రి సంగటి ముద్ద మాత్రం ఎప్పటిలాగే గుంట చేసి, నెయ్యి లేకపోయినా పప్పు పోసి నా ముందు పెట్టింది. తను నాతో కూర్చుని తినలేదు. ఆ ముద్దకు దండం పెట్టుకుని తిన్నాను. క్షమించిందా? అడగలేదు. అడిగే హక్కు నాకుందని అనుకోను.

మర్నాడు పొద్దున్నే గుమ్మెట తీసి భుజానికి తగిలించుకున్నాను. అక్క గడప దగ్గర కూర్చుని ఉంది.

"యాడికి?"

"పుల్లయ్యన్న ఊరికి."

నా భుజం మీది గుమ్మెట వైపు చూసింది. తర్వాత, "వంత ల్యాకుండా పోతాండావే" అంది.

"ఈ కథకు వంత వద్దులేక్కా."

ఊళ్లోకి దిగేసరికి పొద్దెక్కింది. పుల్లయ్యన్న ఇంటికి తాళం. చేను కాడికి పోయినాడని ఎవరో చెప్పారు. వెనక్కి పోదామనుకున్నాను, మళ్లీ అంతలోనే మంచిదే అనిపించింది. ఆయన ముందు చెప్తే ఆయన ఏదో ఒకటి అని నన్ను తేలిక చేసేవాడు. గంజి కేంద్రం ఉండిన చోట ఇప్పుడు గడ్డివాము ఉంది. దాని ముందు నిలబడి గుమ్మెట మీద దరువు వేశాను. పట్టపగలు, ఒంటరి ఆడమనిషి, తంబుర లేదు. ఇదేం తిక్కో అని నలుగురు వచ్చారు. ఆ నలుగురిని చూసి ఊరే వచ్చింది.

ఊరికొక దొంగ ఉంటాడని చెప్పేవాళ్లం, ఈ ఊరి దొంగను ఇన్నేళ్లకు పట్టుకొచ్చాను అన్నాను. నవ్వారు. దొంగను నేనే అన్నాను. ఇంకా నవ్వారు, ఇదేదో కొత్త ఆట అని. పుల్లయ్యన్న మూటను అమ్మడం నేను చూడలేదు, చూశానని మా అక్కకు అబద్ధం చెప్పాను, మా అక్కకు తెలియదు, ఆయన గింజ కూడా అమ్మలేదు, ఇది నాకు తెలుసు, ఎట్లా తెలుసని అడగొద్దు అన్నాను. నవ్వు ఆగింది. సందు మలుపులో ఒక కోడలు కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. నేను అటు చూడలేదు.

వెనకనుంచి ఒక మగగొంతు, ఆనాటి గొంతేనేమో, "అయితే ఆ మూట యాడికి పోయిందమ్మే? చెప్పు మరి!" అంది.

ఊరంతా నా ముఖం చూస్తోంది. గుమ్మెట మీద చెయ్యి పెట్టాను.

"యాడికో పోయిందిలే" అన్నాను. దరువు వేశాను.